ఇంటూ మార్కు దగ్గర ఆగు

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికా కాలేజీలో సీటు కోసం దరఖాస్తుతో పాటు పంపాలని నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నాలుగో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే. నీ ఇంగ్లీషు బాగుంది, ఆ సంగతి నీకూ తెలుసు.

షికాగో యూనివర్సిటీ వాళ్ళ పాత ప్రశ్నల్లోంచి 'ఎక్స్ కనుక్కోండి' అన్నది ఎంచుకున్నావు. రెండే మాటల ప్రశ్న. దానికి నువ్వు ఎక్స్ క్రోమోజోమ్ అన్నావు, రోమన్ అంకెల్లో పది అన్నావు, ఎక్స్-రే అన్నావు, నిధి ఉన్నచోట మ్యాపులో పెట్టే గుర్తు అన్నావు. చివరికి 'నేను వెతుకుతున్న ఎక్స్ నాలోనే ఉంది' అని ముగించావు. ప్రశ్న వింతగా ఉంది కాబట్టి జవాబు ఇంకా వింతగా ఉండాలనుకున్నావు. అక్కడే దారి తప్పావు.

చిన్నప్పుడు మా నాన్న నన్ను అవధానాలకు తీసుకెళ్ళేవాడు. ఛందస్సు నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, సమస్య ఇచ్చే పృచ్ఛకుడి వంతు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆయన అర్థంపర్థం లేని పాదం ఒకటి ఇస్తాడు, సభంతా నవ్వుతుంది, అవధాని నవ్వడు. ఆ పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలు అల్లి పద్యం పూరిస్తాడు. 'కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్' నువ్వూ వినే ఉంటావు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే పూరణలో మొదటి మూడు పాదాల్లో ఏనుగూ లేదు, దోమా లేదు. శత్రువుల్ని చీల్చి చెండాడిన పాండవులు విరటుడి కొలువులో ఊడిగానికి చేరారు, విధిని ఏమనాలి అని ఆ పద్యం నడుస్తుంది. ఆ తర్వాత అదే పాదం వచ్చేసరికి నవ్వు పోయి గుండె బరువెక్కుతుంది. ఒక్క అక్షరం మారలేదు. ముందున్న మూడు పాదాలే దాన్ని మార్చాయి.

నేను చెప్పాలనుకున్నది ఇదేనమ్మా. సమస్య వాళ్ళది. ముందు మూడు పాదాలు నీవి. అవి నువ్వు కళ్ళతో చూసిన, చేత్తో పట్టుకున్న సంగతులై ఉండాలి. షికాగో వాళ్ళు ఈ ప్రశ్నల్ని తమ విద్యార్థుల్నీ పూర్వ విద్యార్థుల్నీ అడిగి తయారు చేసుకుంటారు. వాళ్ళు పృచ్ఛకులే. 'బుధవారం గురించి మీకేమనిపిస్తుంది?' అని ఒక ఏడు అడిగారు. పండగా కాదు, సెలవూ కాదు, అలాంటి రోజును నువ్వెలా గడుపుతావో వాళ్ళకు కావాలి. నువ్వేమో ఆ ప్రశ్న మరీ మామూలుగా ఉందని వదిలేశావు!

ఇప్పుడు ఆ వాక్యం సంగతి. 'మా అమ్మ కొలతల పుస్తకంలో కొందరి పేర్ల పక్కన ఇంటూ మార్కు పెడుతుంది, వాళ్ళ ఇళ్ళకు డబ్బుల కోసం నన్ను పంపదు' అని రాశావు. రాసి, మరుసటి వాక్యంలోనే ఆల్జీబ్రాలోకి వెళ్ళిపోయావు. ఎలా వెళ్ళగలిగావమ్మా? నేను వెళ్ళలేకపోయాను. ఆ మార్కు ఎప్పుడు పెడుతుంది? జాకెట్టు ఇచ్చేటప్పుడా, రెండు నెలలు చూశాకా? ఒకసారి పెట్టాక ఎప్పుడైనా కొట్టేసిందా? వాళ్ళు మళ్ళీ గుడ్డ తెస్తే కుడుతుందా? శ్రావణమాసంలో రాత్రి పన్నెండింటి దాకా ఆమె పక్కన కూర్చుని హుక్కులూ కాజాలూ కుట్టేదానివి, నీకూ తెలియదు. ఎక్స్ అంటే అదే కదా.

మూడు ప్రశ్నల్లో ఏది తీసుకోవాలని అడిగావు. ముందు ప్రశ్నల జాబితా మూసెయ్. ఎవరూ అడక్కపోయినా నీ తలలో తిరుగుతున్న సంగతి ఏదో చూసుకో. ఆ తర్వాత జాబితా తెరిస్తే, ఏ ప్రశ్న దాని పక్కన కూర్చుంటుందో తెలిసిపోతుంది. ఆపిల్ పళ్ళనూ నారింజ పళ్ళనూ ఎలా పోల్చాలన్న ప్రశ్న వదిలెయ్, అందులో నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదని నీ నాలుగు లైన్ల ప్లాన్‌లోనే తెలుస్తోంది.

ఇక ఆ ముగింపు. చివర్లో లీడర్‌షిప్ రావాలని కన్సల్టెన్సీ ఆయన చెప్పాడన్నావు. అది చదివి నాకు పాత మంట రేగింది. నా ఇరవై మూడో ఏట, మా వీధి చివర సైకిళ్ళకు పంక్చర్లు వేసే ఒకాయన మీద కథ రాశాను. బడిపిల్లలకు డబ్బు తీసుకోకుండా గాలి కొట్టేవాడు, కొట్టిన ప్రతిసారీ గోడ మీద సుద్దతో గీత గీసేవాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. కథలో అంతే ఉంది. ఒక వారపత్రిక ఎడిటర్ రెండుసార్లు తిప్పి పంపాడు. 'కొసమెరుపు లేదు' అని చీటీ. మూడోసారి, ఆ పంక్చర్లాయన కొడుకు సైకిల్ ప్రమాదంలో పోయాడని కొసమెరుపు అతికించాను. వెంటనే వేశారు. పత్రిక పట్టుకెళ్ళి ఆయనకే చదివి వినిపించాను. అంతా విని, "నాకు కొడుకే లేడు కదా బాబూ" అన్నాడు. ఆ తర్వాత నా సైకిల్ గాలికి వేరే వీధికి వెళ్ళేవాణ్ణి. ఆ గీతలు ఎందుకో ఇక అడగలేకపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని కథల పోటీలు చూశానో, 'సందేశాత్మకంగా ఉండాలి' అన్న షరతు కనపడినప్పుడల్లా నాకు ఆయన మొహమే గుర్తొస్తుంది. నీ 'నాలోనే ఉంది' కూడా అలా అతికించిందే.

పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఒకప్పుడు ఇలా అడిగేవారు: మీరు 300 పేజీల ఆత్మకథ పూర్తి చేశారు, అందులో 217వ పేజీ పంపండి. ఎంత మంచి ప్రశ్న! 217వ పేజీలో పుట్టుక ఉండదు, గెలుపు ఉండదు, నీతి ఉండదు. మధ్యలో ఏదో జరుగుతూ ఉంటుంది. నువ్వు ఏ ప్రశ్నకు రాసినా 217వ పేజీ రాస్తున్నాననుకో. నువ్వు రాయాల్సింది చిన్న వ్యాసమే. అందులో క్రోమోజోములకు చోటెక్కడిది?

గడువు నవంబర్ 1 అన్నావు, టైమ్ ఉంది. టెన్షన్ పడకు. అమ్మ కాజాలు కుట్టుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని ఆ మార్కుల గురించి అడుగు. అప్పుడు చేతిలో నోట్‌బుక్ వద్దు, ఫోనూ వద్దు. ఆమె చెప్పనంటే బలవంతపెట్టకు, చెప్పలేదనే రాయి. ఆ పుస్తకంలోని పేర్లు మాత్రం ఒక్కటి కూడా వ్యాసంలో రానీయకు. వాళ్ళ గుట్టు కాపాడాలనే కదా మీ అమ్మ మాటల్లో రాయకుండా ఇంటూ మార్కు పెట్టింది.

కొత్త ప్రతి చేత్తో రాసిందైనా సరే, పంపు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య స్నేహితుడు