రైలు ఆలస్యమైతే విమానం ఆగుతుందా?

ప్రశ్న: మేము ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నాము. ఆరు వారాలు మా దగ్గర గడిపిన అమ్మానాన్నలు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర గంటల విమానంలో ఇండియా తిరిగి వెళ్ళాలి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం దాకా నేరుగా వెళ్ళే జర్మనీ వేగరైలు ఐసీఈకి విడిగా టికెట్లు కొన్నాను. అది ఉదయం పదకొండుకు చేరుతుంది. రెండున్నర గంటల వ్యవధి సరిపోతుందా? ఒకవేళ రైలు ఆలస్యమై విమానం తప్పిపోతే ఆ నష్టం ఎవరు భరిస్తారు?
ఒక పాఠకురాలు, ఆమ్‌స్టర్‌డామ్

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదాని జవాబు దానిమీదే ఆధారపడి ఉంది. నష్టం మీరే భరించవలసి వస్తుంది. రైలు టికెట్టూ విమానం టికెట్టూ విడివిడిగా కొన్నప్పుడు అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఒప్పందాలు. రైలు సంస్థ లెక్కలో మీ అమ్మానాన్నల ప్రయాణం ఫ్రాంక్‌ఫర్ట్ ప్లాట్‌ఫారం మీద ముగిసిపోతుంది. విమాన సంస్థ లెక్కలో అది చెక్-ఇన్ కౌంటర్ దగ్గర మొదలవుతుంది. ఈ రెంటి మధ్య ఏం జరిగినా ఆ బాధ్యత ప్రయాణికులదే. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న రైలు ప్రయాణికుల హక్కుల నిబంధనల ప్రకారం, గమ్యం చేరడం 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు గాని అంతకు మించి గాని ఆలస్యమైతే 50 శాతం పరిహారంగా అడగవచ్చు. అయితే అది రైలు టికెట్ ధరలోనే సుమా. తప్పిపోయిన విమానం ఖరీదుతో దానికి సంబంధం లేదు. విమాన ప్రయాణికులకు రక్షణనిచ్చే 2004 నాటి చట్టం కూడా ఇక్కడ ఆదుకోదు, విమానం వేళకే బయలుదేరింది కదా.

ఇక మీ రెండున్నర గంటల సంగతి. దూరప్రయాణ విమానాలకు చాలా సంస్థలు బయలుదేరే వేళకు గంట ముందే సామాను తీసుకోవడం ఆపేస్తాయి. అంటే మీ అసలు గడువు ఒకటిన్నర కాదు, పన్నెండున్నర. రైలు దిగే ఫెర్న్‌బాన్‌హోఫ్ అనే దూరప్రయాణ స్టేషన్ నుంచి పైకెక్కి, వంతెన దాటి మొదటి టెర్మినల్‌కు పెద్దవాళ్ళు పెట్టెలతో నడిచి వెళ్ళడానికి ఇరవై నిమిషాలైనా వేసుకోండి. విమానం వేరే టెర్మినల్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. ఈ లెక్కన రైలు ఆలస్యాన్ని తట్టుకోవడానికి మీ చేతిలో మిగిలేది గంటా పది నిమిషాలు. అదీ కౌంటర్ దగ్గర వరుస లేకపోతేనే. సామాను అప్పగించాక పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుంది. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త సరిహద్దు నమోదు పద్ధతిలో, మీ అమ్మానాన్నల్లా కొద్దికాలానికి వచ్చి వెళ్ళేవారి ఫోటో తీసి, రాకపోకలు నమోదు చేస్తున్నారు కాబట్టి అక్కడా సమయం పట్టవచ్చు.

గంటా పది నిమిషాలు తక్కువేమీ కాదనిపించవచ్చు. కానీ 2024లో జర్మనీ రైల్వే సంస్థ డాయిచె బాన్ దూరప్రయాణ రైళ్ళలో వేళకు నడిచినవి 62.5 శాతమే; పైగా ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని వాళ్ళు ఆలస్యంగా లెక్కించరు, పూర్తిగా రద్దయిన రైళ్ళు ఆ లెక్కలోకే రావు. మీ మార్గానికి ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ప్రధాన మార్గాల మీద 1,500 వోల్టుల డైరెక్ట్ కరెంట్, జర్మనీలో 15,000 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంట్ వాడుతారు కనుక, ఆ సరిహద్దు దాటడానికి రెండింటితోనూ నడవగల ఐసీఈలే కావాలి; ఒకటి చెడిపోతే దొరికిన రైలును తెచ్చి పెట్టడం కుదరదు. కొలోన్ దాటాక 2002లో తెరిచిన వేగమార్గం మీద గంటలోపు విమానాశ్రయం చేరవచ్చు గానీ, ఆ మార్గం మూసివేసి రైలును రైన్ నది పక్కన ఉన్న పాత మార్గానికి మళ్ళిస్తే ప్రయాణం గంటకు పైగా పెరుగుతుంది. మీ వ్యవధి అంతా ఆ ఒక్క మళ్ళింపుతోనే అయిపోతుంది. తరువాతి రైలు చూద్దామంటే నేరుగా వెళ్ళేవి సుమారు రెండు గంటలకొకటి.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి ప్రయాణంలోనే నేను సరిహద్దు స్టేషన్లో యాభై నిమిషాలు కూర్చున్నాను. ఎదురు సీటులోని పెద్దావిడ పాస్‌పోర్ట్ పెట్టుకున్న ప్లాస్టిక్ కవరును తెరిచి చూడడం, మూయడం, మళ్ళీ తెరవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఆ ఆందోళన మీ అమ్మానాన్నలకు వద్దు. కాబట్టి నా సలహా ఒక్కటే: ముందు రోజు మధ్యాహ్నం రైలుకు టికెట్ మార్చుకోండి, ఆ రాత్రి విమానాశ్రయం పక్కన ఏదైనా హోటల్లో పడుకోనివ్వండి. కొత్త విమానం టికెట్లు రెండు కొనడంతో పోలిస్తే ఆ ఖర్చు చిన్నది. టికెట్ మార్చడం కుదరని పక్షంలో దాన్ని వదులుకోవడానికి కూడా వెనుకాడకండి.

ఏ కారణం చేతనైనా అదే రోజు వెళ్ళక తప్పకపోతే, రైలు బాగా వెనకబడుతోందని తెలిసిన వెంటనే, విమానం బయలుదేరకముందే విమాన సంస్థకు ఫోన్ చేయండి. ముందుగా చెబితే రుసుము కట్టి తేదీ మార్చుకునే వీలు చాలా టికెట్లకు ఉంటుంది. విమానం వెళ్ళిపోయాక మీరు రానివారి జాబితాలో పడతారు, అప్పుడు అదే టికెట్‌కు విలువ దాదాపుగా ఉండదు. పెట్టెల విషయం కూడా చెప్పాలి. విమానాశ్రయంలో రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది. పెద్ద పెట్టెలను తలపైన అరలో పెట్టకుండా బోగీ చివర ఉండే సామాను అరలో ఉంచమనండి, దిగడానికి పది నిమిషాల ముందే తలుపు దగ్గరికి వెళ్ళమనండి.

వచ్చేసారి కొనేటప్పుడు మాత్రం రైలూ విమానమూ ఒకే బుకింగ్‌లో దొరుకుతాయేమో ముందు చూడండి. లుఫ్తాన్సా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎమ్ కొన్ని స్టేషన్ల నుంచి రైలుకే విమానం నంబరు ఇచ్చి అమ్ముతాయి. అలాంటి టికెట్ మీద రైలు ఆలస్యమైతే తరువాతి విమానంలో చోటు చూపించే బాధ్యత వాళ్ళదవుతుంది. జర్మనీలో ‘రైల్ అండ్ ఫ్లై’ పేరుతో విమానం టికెట్‌తో పాటు ఇచ్చే రైలు టికెట్‌ను దీనితో పొరబడకండి. అందులో నచ్చిన రైలు ఎక్కే వీలుంటుంది గానీ, వేళకు చేరవలసిన బాధ్యత సాధారణంగా ప్రయాణికుడిదే.

ప్రశ్న: నాది బ్రస్సెల్స్ నుంచి ప్యారిస్ విమానాశ్రయానికి రైలు, అక్కడి నుంచి విమానం, రెండూ ఒకే టికెట్. ముందు రోజే పని మీద ప్యారిస్ వెళుతున్నాను. రైలు వదిలేసి నేరుగా విమానాశ్రయానికి వెళ్ళవచ్చా?
ఒక పాఠకుడు, బ్రస్సెల్స్

జవాబు: విమాన సంస్థను అడగకుండా వెళ్ళవద్దు. మీ టికెట్ మీద ఆ రైలు మొదటి విమానంతో సమానం. బ్రస్సెల్స్ మిదీ స్టేషన్‌కు విమానాశ్రయాలకు ఉన్నట్టే జెడ్ వై ఆర్ అనే మూడక్షరాల సంకేతం కూడా ఉంది. మొదటి అంచెలో మీరు కనిపించకపోతే మిగిలిన అంచెలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, రద్దయ్యే ప్రమాదం ఉంది. ముందే మాట్లాడి టికెట్‌ను ప్యారిస్ నుంచి తిరిగి రాయించుకోండి, అదనపు డబ్బు అడిగినా సరే.

ప్రశ్న: ప్యారిస్ నుంచి యూరోస్టార్ రైలులో లండన్ వెళ్ళి, అదే రోజు హీత్రూలో ఇండియా విమానం ఎక్కాలనుకుంటున్నాను. నాకు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) ఉంది. లండన్‌లో ఆగను కాబట్టి బ్రిటన్ వీసా అక్కర్లేదు కదా?
ఒక పాఠకుడు, ప్యారిస్

జవాబు: భారతీయ పాస్‌పోర్ట్ అయితే కావాలి. బ్రిటన్ షెంగెన్‌లో భాగం కాదు. వీసా లేకుండా విమానం మారడానికి కొందరికి ఇచ్చే మినహాయింపు, విమానంలో వచ్చి విమానంలోనే వెళ్ళేవారికి మాత్రమే. మీరు రైలులో దిగుతున్నారు. బ్రిటన్ అధికారుల తనిఖీ ప్యారిస్ నార్ స్టేషన్లోనే, రైలు ఎక్కకముందే జరుగుతుంది కనుక వీసా లేకపోతే అక్కడి నుంచే వెనక్కి పంపుతారు. వీసా ఉన్నా, లండన్‌లో మీరు దిగే సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి హీత్రూకు పికడిలీ లైన్ మెట్రోలో దాదాపు గంట పడుతుంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఒకసారి ప్రవేశానికే పనికివచ్చే షెంగెన్ వీసా అయితే, ప్యారిస్‌లో బయటికి వెళ్ళినట్టు నమోదైన క్షణాన దాని పని అయిపోతుంది. లండన్‌లో విమానం తప్పితే ప్యారిస్‌కు తిరిగి రావడం కూడా సాధ్యం కాదు. ప్యారిస్ నుంచే నేరుగా ఇండియా వెళ్ళే విమానం దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.