ఇల్లు వదలకుండా వైరాగ్యం: కార్తీక నక్తం ఎలా ఉండాలి?

సంసారంలో ఉంటూ వైరాగ్యం అలవాటు చేసుకోవచ్చా, కార్తీకమంతా నక్తం ఉంటే చాలా అని అడిగారు. అలవాటు చేసుకోవచ్చు. తిండి మానినంత మాత్రాన దాని మీద రుచి పోదని గీత 2వ అధ్యాయం 59వ శ్లోకంలోనే ఉంది. నక్తం తేడా కొట్టేది అక్కడే.

నక్తమంటే పగలంతా ఉపవాసం, చుక్క చూశాక ఒక్క పూట భోజనం. మొదటిసారైతే సోమవారాలు చాలు. వారం ముందు నుంచే టీ తగ్గించండి. రోజూ నాలుగు తాగేవాళ్లు ఒక్కసారి మానేస్తే మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటుంది, అది ఆకలి వల్ల అనుకుంటారు. పోనీ అని టీలతోనే పొద్దు గడిపితే గ్యాసు పట్టేస్తుంది. మంచినీళ్లు మాత్రం మానొద్దు. కోతల రోజులు కాబట్టి చేలో పనిచేసేవాళ్లు మజ్జిగో కొబ్బరినీళ్లో తాగాలి.

మన గోదావరి వైపు కార్తీకంలో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, ఆరు దాటాక చుక్క కనిపిస్తుంది. తుఫాను మబ్బు పడితే ముందురోజు వేళే పాటించండి. ముందు గ్లాసుడు నీళ్లు, ఓ అరటిపండు. పావుగంట ఆగి అన్నం, ముద్దపప్పు, చారు, మజ్జిగ. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. మామూలు రాత్రి ఎంత తింటారో అంతే తినాలి. పగటి బాకీ కూడా తీర్చుకుందామని పులిహోర, గారెలు, పాయసం పట్టించి రాత్రంతా ఆయాసపడేవాళ్లే ఎక్కువ.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకోటుంది. మీ నక్తం కోసం ఇంట్లో ఆడవాళ్లు రెండోసారి పొయ్యి వెలిగించాల్సి వస్తే కష్టం వాళ్ల మీద పడినట్టే. మీ వంట మీరే చేసుకోండి, గిన్నెలు మీరే తోముకోండి. నాలుగింటికి ఆకలికి తట్టుకోలేక పిల్లల మీద అరిచారా, ఆ పూటకి ఆపేసి తినండి. నొప్పించని మాటను కూడా గీత 17వ అధ్యాయం తపస్సులోనే లెక్కేసింది, ఒంటిని హింసించే తపస్సును ఆసురమంది.

నెలంతా ఉండేవాళ్లు మధ్యాహ్నం తమ వంతు బియ్యం రోజూ ఓ డబ్బాలో పోయండి. పూటకు 150 గ్రాములనుకున్నా నెలకు 4.5 కిలోలు. పోలి పాడ్యమినాడు, అంటే కార్తీక అమావాస్య మర్నాడు, తెల్లవారుజామున కాలవలో అరటి దొప్ప దీపం వదిలి వచ్చాక ఆ బియ్యం అవసరమున్న ఇంటికి చేర్చండి. మర్నాడే కోడికూరకు ఎగబడకుండా ఇంకో వారం అదే తిండి సాగించి చూడండి.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు నక్తం పెట్టుకోవద్దు, షుగర్ పడిపోతుంది. గర్భిణులు, బాలింతలూ అంతే. వాళ్లు వేళకు తింటూ మాంసం, ఉల్లి, రాత్రిపూట ఫోను మానేస్తే చాలు.