పట్టు–పీసీఎల్ పొర మీడియాలో ముడుచుకుపోతోంది, కణాలు లోపలికి దిగడం లేదు: తేడా ఎక్కడ?

మీరు అడిగినవి రెండు. చర్మ కణజాలం పెంచడానికి ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో (అధిక వోల్టేజీతో ద్రావణాన్ని సన్నని పోగులుగా లాగే పద్ధతి) తీసిన ఫైబ్రోయిన్ (పట్టులోని ప్రధాన ప్రోటీన్)–పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్) పొర, కణాలను పెంచే కల్చర్ మీడియాలో వేసిన గంటకే ముడుచుకుని బంకబంకగా అవుతోంది. బతికి బట్టకట్టిన ఫైబ్రోబ్లాస్టులేమో (చర్మపు లోపలి పొర కణాలు) పైపైనే పరుచుకుంటున్నాయి. వోల్టేజీ, దూరం మార్చి చూసినా లాభం లేకపోయిందన్నారు. లాభం ఉండదు కూడా. మొదటిది పోగు తీశాక చేయాల్సిన పని చేయకపోవడం వల్ల, రెండోది రంధ్రాల సైజు వల్ల వస్తాయి.

ముడుచుకోవడం సంగతి ముందు. హెచ్‌ఎఫ్‌ఐపీ (ఫ్లోరిన్ ఉన్న ఒక ఆల్కహాల్ ద్రావకం) నుంచి గానీ ఫార్మిక్ యాసిడ్ నుంచి గానీ తీసిన పోగులో ఫైబ్రోయిన్ గొలుసులు చాలావరకు ఒక క్రమం లేకుండా ఉంటాయి. ఆ స్థితిలో ఫైబ్రోయిన్ నీళ్లలో కరిగిపోతుంది. గొలుసులు పక్కపక్కన చేరి బీటా షీట్లుగా బిగుసుకుంటేనే నిలబడుతుంది. మీ పద్ధతిలో స్టెరిలైజేషన్ కోసం 70 శాతం ఇథనాల్‌లో ఐదు నిమిషాలు ముంచడం తప్ప ఇంకేమీ లేదు. అంత తక్కువ సేపట్లో ఆ పని పూర్తికాదు, పైగా వదులుగా తేలే పొర అందులోనే కుంచించుకుపోతుంది.

పొరను టెఫ్లాన్ చట్రానికి నాలుగు వైపులా బిగించి, 80–90 శాతం మెథనాల్‌లో 30 నిమిషాలు ఉంచండి. నీళ్లు కలపని మెథనాల్ వాడితే పొర అప్పడంలా పెళుసెక్కుతుంది. ఇంకా మెత్తగా రావాలంటే డెసికేటర్ అడుగున ఇథనాల్ గిన్నె పెట్టి, ఒక రోజు ఆవిరి పట్టించడం మేలు. పీసీఎల్ ఈ ఆల్కహాళ్లలో కరగదు, కానీ 60 డిగ్రీల దగ్గర కరిగి ముద్దవుతుంది. కాబట్టి ఆరబెట్టడం 40 డిగ్రీలు దాటకూడదు, ఆటోక్లేవ్ మాటే వద్దు.

పని జరిగిందో లేదో ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతి శోషణను కొలిచే పరికరం) చెబుతుంది: ప్రోటీన్ గొలుసుల అమరికను చూపే అమైడ్–1 శిఖరం 1640–1650 నుంచి 1620–1630 cm⁻¹ వైపు జరగాలి. ఆ పరికరం అందుబాటులో లేకపోతే 20 మిల్లీగ్రాముల ముక్కను 37 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి, ఆరబెట్టి తూచండి. మీరు కలిపిన ఫైబ్రోయిన్ వాటా ఎంతో దాదాపు అంత బరువు తగ్గితే, పట్టంతా పోయి పీసీఎల్ మాత్రమే మిగిలిందన్నమాట.

బ్యాచ్‌కో రకంగా వస్తోందని కూడా రాశారు. దానికి మూలం దాదాపు ఎప్పుడూ ఫైబ్రోయిన్ తయారీలోనే ఉంటుంది. ముందు పట్టుపోగు మీది జిగురు ప్రోటీన్ సెరిసిన్‌ను మరిగించి తీసేయాలి: 5 గ్రాముల పట్టుకాయ ముక్కలకు 2 లీటర్ల నీళ్లు, 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ (అంటే 0.02 మోలార్). నీళ్లు మరిగాకే ముక్కలు వేసి, గడియారం చూసి 30 నిమిషాలు. ఇంకో అరగంట మరిగిస్తే సెరిసిన్ ఇంకా శుభ్రంగా పోతుందనుకుంటారు గానీ, ఫైబ్రోయిన్ గొలుసులే తెగి అణుభారం పడిపోతుంది. అప్పుడు ద్రావణం పలచబడి పోగులకు బదులు పూసలు వస్తాయి. ఆరాక బరువు 25–30 శాతం తగ్గి ఉండాలి. అంతకన్నా తక్కువ తగ్గితే సెరిసిన్ మిగిలినట్టే. పిక్రోకార్మిన్ రంగు వేసి చూస్తే సెరిసిన్ ఎర్రగా, ఫైబ్రోయిన్ పసుపుగా కనిపిస్తుంది. ఫైబ్రోయిన్ మీద మిగిలిపోయిన సెరిసిన్ శరీరంలో వాపు ప్రతిచర్య రేపే అవకాశం ఉంది, అందుకే ఈ మెట్టులో బద్ధకం పనికిరాదు.

తర్వాత ఫైబ్రోయిన్‌ను కరిగించడానికి 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్, గ్రాము ఫైబ్రోయిన్‌కు 4 మి.లీ. చొప్పున, 60 డిగ్రీల దగ్గర 4 గంటలు. పోగు అడుగున, ద్రావణం పైన పోయాలి. ఆ ఉప్పు పోవడానికి 3.5 కిలోడాల్టన్ (అంతకన్నా చిన్న అణువులనే బయటికి వదిలే) గొట్టంలో 48 గంటలు డయాలిసిస్, కనీసం ఆరుసార్లు నీళ్ల మార్పు. గొట్టంలో మూడో వంతు ఖాళీ వదలండి, లోపలికి నీళ్లు చేరి ఉబ్బుతుంది. కుదపడం, వోర్టెక్స్ చేయడం రెండూ వద్దు, ఫైబ్రోయిన్ ఆ రాపిడికే గడ్డకడుతుంది. చివరికి 6–8 శాతం ద్రావణం వస్తుంది. దాన్ని 4 డిగ్రీల దగ్గర ఉంచి కొన్ని వారాల్లో వాడేయండి, లేదా వెంటనే ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి నీటిని ఆవిరిగా తీసేయడం) చేయండి.

ఫార్మిక్ యాసిడ్‌లో పీసీఎల్ కలిపి మూడు రోజులు వాడుతున్నామన్నారు కదా, అది మానేయండి. యాసిడ్ పీసీఎల్ గొలుసులను నెమ్మదిగా తెంచుతూనే ఉంటుంది. ఏ రోజు ద్రావణం ఆ రోజే. హెచ్‌ఎఫ్‌ఐపీలో ఈ బాధ తక్కువ. కానీ అది కళ్లకు చాలా ప్రమాదం, త్వరగా ఆవిరై సూది మొన దగ్గర పూడిక కూడా తెస్తుంది.

ఇక కణాలు దిగకపోవడం. నానోపోగుల పొరలో ఖాళీలు ఎక్కువగా కొన్ని మైక్రాన్లే ఉంటాయి, ఫైబ్రోబ్లాస్టు అంతకన్నా పెద్దది. కాబట్టి ఆ పొర ఎపిడెర్మిస్‌కు (చర్మపు పైపొర), అందులోని కెరటినోసైట్ కణాలకు బాగా పనికొస్తుంది గానీ డెర్మిస్‌కు (లోపలి పొర) అదొక్కటే చాలదు. డెర్మిస్ పునరుత్పత్తికి వాడే కొలాజెన్ స్కాఫోల్డుల్లో (కణాలు పెరిగే ఆధార చట్రాలు) రంధ్రాలు 20–125 మైక్రాన్ల మధ్య ఉండటం ఊరికే కాదు. నా ఓటు రెండు అరలకు: కింద 3–4 శాతం ఫైబ్రోయిన్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర నిదానంగా గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రై చేసిన స్పాంజి, పైన మీ నానోపొర. మైనస్ 80లో గబుక్కున గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు చిన్నవై రంధ్రాలూ చిన్నవే అవుతాయి. రెండింటి మధ్య పలచగా ఫైబ్రోయిన్ ద్రావణం రాసి, అంటుకుని ఆరాక కలిపి ఆల్కహాల్ ఆవిరి పట్టించండి. స్పాంజి చేసే వీలు లేకపోతే రెండో సూదితో పీఈఓ (నీళ్లలో కరిగే పాలిమర్) పోగులు కలిపి తీసి, బీటా షీట్ బిగిశాక నీళ్లలో వాటిని కరిగించేయండి. ఖాళీలు పెరుగుతాయి గానీ స్పాంజి అంత కాదు.

కణాలు వేసే ముందు పొరను రాత్రంతా మీడియాలో నాననివ్వండి. పీసీఎల్ నీటిని తోసేస్తుంది, పొడి పొర మీద చుక్క జారిపోతుంది. చదరపు సెంటీమీటరుకు 10,000–20,000 కణాలను 20–30 మైక్రోలీటర్ల చుక్కగా వేసి, రెండు గంటలు అతుక్కోనిచ్చాక మీడియా నింపండి. మల్బరీ పట్టు ఫైబ్రోయిన్‌లో ఆర్‌జీడీ వరస (కణాలు పట్టుకునే మూడు అమైనో ఆమ్లాల వరస) లేదు, టసర్‌లో ఉంది. కాబట్టి అతుకు బలహీనంగా కనిపిస్తే పలచటి కొలాజెన్ పూత వేయండి.

మీ ఎంటీటీ (బతికున్న కణాలను రంగుతో అంచనా వేసే పరీక్ష) అంకెలను అలాగే నమ్మకండి. అందులో ఏర్పడే ఫార్మజాన్ అనే రంగు పొరలోనే ఇరుక్కుని తక్కువ చూపిస్తుంది. పొరను కల్చర్ ప్లేటులోని కొత్త గుంటలోకి మార్చకపోతే అడుగున ప్లాస్టిక్ మీద పెరిగిన కణాలూ లెక్కలోకి వచ్చి ఎక్కువ చూపిస్తుంది. దాని బదులు రెసజురిన్ (ద్రవంలోనే కరిగి ఉండే రంగు) వాడండి, కణాలు లేని పొరను బ్లాంక్‌గా పెట్టండి. కణాలు ఎంత లోతుకు వెళ్లాయో మాత్రం ఏ అంకే చెప్పదు, ఏడో రోజు, పద్నాలుగో రోజు అడ్డకోత తీసి డాపీ (కణ కేంద్రకాలను వెలిగించి చూపే రంగు) వేసి చూడాల్సిందే.