దీవి సంగతి తరువాత, దుగ్గిరాల సంగతి ముందు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఇరవై తొమ్మిదేళ్ల యువతి రాసిన ఉత్తరం ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఈమెకు విజయవాడ పటమట అబ్బాయితో పెళ్లి నిశ్చయమైంది. ఇద్దరికీ వెయ్యి విస్తళ్ల పెళ్లి ఇష్టం లేదు కాబట్టి, ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లి నలభైమంది సమక్షంలో సముద్రపు ఒడ్డున పెళ్లి చేసుకోవాలని అనుకున్నారు. హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరమా, నీల్ దీవిలోని లక్ష్మణపూర్ తీరమా తేల్చుకోలేక నన్ను అడిగారు. అంత దూరం ఎందుకు, కృష్ణలో భవానీ ద్వీపం లేదా అని కాబోయే మామగారు అంటున్నారట. తండ్రిగారు "మీ ఇష్టం" అని ఊరుకున్నారట. తల్లిగారు మాత్రం "మరి బుట్ట ఎవరు మోస్తారే?" అని ఒక్క మాట అడిగి వంటింట్లోకి వెళ్లిపోయారట.

అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు ఇసుక రంగు గురించి, సూర్యాస్తమయం గురించి, మండపానికి కట్టించదలచిన పూల గురించి రాశారు. మిగిలిన అరపేజీలో ఫిర్యాదుగా రాసుకొచ్చిన సంగతి కోసమే నేను ఈ జవాబు రాస్తున్నాను. ఆరేళ్ల క్రితం మీ అమ్మమ్మగారి పెద్దకర్మ రోజున, దుగ్గిరాల దగ్గరి ఎకరం పసుపు చేను మీద మాట వచ్చి, మీ నాన్నగారు నలుగురిలో మీ మేనమామను ఒక మాట అన్నారు. ఆయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి రాకపోకలు లేవు. పోయిన నెలలో ఆయన ఎవరి చేతనో ఒక సంచి పసుపు కొమ్ములు పంపిస్తే, మీ అమ్మగారు మీ నాన్నగారికి తెలియకుండా దాన్ని అటక మీద పాత ఇత్తడి గుండిగ వెనక పెట్టుకున్నారు. "ఈ గొడవలేవీ లేని చోట ప్రశాంతంగా పెళ్లి చేసుకోవాలనే దీవిని ఎంచుకున్నాం" అని మీరు ముగించారు.

మీరు అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అది పెద్ద ప్రశ్న కాదు. నీల్‌కు వెళ్లండి. రాధానగర్ అందమైనదే. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలో మేటి తీరమని రాసింది, 2020లో శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ పేరు వల్లనే సాయంత్రమయ్యేసరికి దీవిలో ఉన్న పర్యాటకులంతా అక్కడికి చేరతారు, మీ తలంబ్రాలను తడి బట్టల్లో నిలబడిన అపరిచితులు ఫోనుల్లో తీసుకుంటారు. నీల్ చిన్నది, నెమ్మదైనది. అయితే అక్కడి తీరంలో పాటు సమయానికి నీరు చాలా దూరం వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి కాబట్టి, ఆటుపోట్ల పట్టిక చూడకుండా గంట నిర్ణయించకండి. గాలి అనుకూలించని రోజున పడవలు ఆగిపోతాయి కాబట్టి పెళ్లికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఫిబ్రవరిలో అక్కడ సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి మన ఊరి సాయంత్రాన్ని ఊహించుకుని కార్యక్రమం వేసుకోకండి. భవానీ ద్వీపం గురించి మీ కాబోయే మామగారు చెప్పినదాన్ని నవ్వి కొట్టిపారేయవద్దు. 2024 సెప్టెంబరు వరదలో ఆ దీవి ఎంత దెబ్బతిన్నదో చూసినవాళ్లం కనుక నేనూ దాన్ని సిఫారసు చేయను గాని, ఆయన కోరుతున్నది ముసలివాళ్లు కూడా రాగలిగిన చోటు మాత్రమే.

ముహూర్తం విషయం మీరు రాయలేదు. మీ సిద్ధాంతిగారు విజయవాడ లెక్కతో పెట్టిన సుముహూర్తాన్ని దీవికి యథాతథంగా పట్టుకుపోవడం కుదరదు. తిథి ఎక్కడైనా ఒకే క్షణాన ముగుస్తుంది, లగ్నం మాత్రం చోటును బట్టి మారుతుంది. విజయవాడ రేఖాంశం తూర్పుగా 80.6 డిగ్రీలు, ఆ దీవులు 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ లగ్నాలు మనకంటే సుమారు 50 నిమిషాలు ముందే ప్రవేశిస్తాయి, గడియారం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. లగ్నం ఉండేదే రెండు గంటలు. కాబట్టి నీల్ పేరు చెప్పి మళ్లీ గుణించమని ఆయన్ను అడగండి. పురోహితుణ్ణి ఇక్కడి నుంచి తీసుకువెళ్లవలసిన అవసరం లేకపోవచ్చు. శ్రీవిజయపురంలో, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక అసలు సంగతి. చిన్న పెళ్లిని నేను తప్పు పట్టను. కల్యాణ మండపం గుమ్మంలో కవరు ఇచ్చి, పెళ్లికూతురి మొహమైనా చూడకుండా భోజనాల హాలుకు నడిచే వెయ్యిమంది కంటే మనసున్న నలభైమంది మేలని నేనూ నమ్ముతాను. అయితే మీరు దీవిని ఎంచుకున్నది చిన్న పెళ్లి కోసం కాదు. గుంటూరులో పెళ్లి జరిగితే, గౌరీపూజ ముగిసి మేనమామ మిమ్మల్ని బుట్టలో మోసుకుని మండపానికి తీసుకురావలసిన వేళకు "మేనమామ ఏడీ?" అని ఎవరో ఒక ముసలమ్మ గట్టిగా అడుగుతుంది, అప్పుడు మీ అమ్మగారి తల వంగిపోతుంది, మీ నాన్నగారి ముఖం ఎర్రబడుతుంది. ఆ ప్రశ్న అడిగే మనిషి లేని చోటు కోసం మీరు సముద్రం దాటుతున్నారు. ఇది మీకు తెలియకుండానే జరిగిందని అనుకుంటున్నాను, తెలిసి చేసి ఉంటే ఆ అరపేజీ రాసేవారు కాదు.

ఆ ప్రశ్న మీ ఇంట్లో ఇప్పటికే ఒకరు అడిగేశారు. బుట్ట ఎవరు మోస్తారని మీ అమ్మగారు అడిగితే, మీరు దాన్ని ఏర్పాట్లకు సంబంధించిన సందేహంగా తీసుకుని, "రిసార్ట్ వాళ్లు చూసుకుంటారులే" అన్నారని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం పక్కన పెట్టి కాసేపు లేచి తిరిగాను. ఆవిడ అడిగింది బుట్ట గురించి కాదమ్మా. నా అన్న నా కూతురి పెళ్లికి రాడా అని, భర్తను అడగలేక, ఆరేళ్లు ఎదురుచూసి కూతురిని అడిగారు. మగవాళ్లిద్దరి పంతానికి ఆడమనిషి పుట్టిల్లు మూతపడటం మన జిల్లాల్లో కొత్త కాదు. పొలం హద్దు మీద మొదలైనది చివరికి ఆమె పండక్కి వెళ్లే దారి మూయడంతో ముగుస్తుంది, దాన్ని ఎవరూ ఆమె నష్టంగా లెక్కించరు. మీరు చదువుకుని, సంపాదించుకుంటూ, మీ పెళ్లి ఎలా జరగాలో మీరే నిర్ణయించుకోగలిగిన స్థితిలో ఉన్నారు. ఆ స్వేచ్ఛలో మీ తల్లికి ఇంత వాటా ఇవ్వకపోతే అది నాకు ఆత్మగౌరవంలా కనిపించదు, సౌకర్యంలా కనిపిస్తుంది.

అన్నట్టు, మీరు వెళ్లదలచిన నీల్‌లో ఊళ్ల పేర్లు రామనగర్, లక్ష్మణపూర్, భరత్‌పూర్, సీతాపూర్. అన్నదమ్ముల పేర్లు పెట్టుకున్న దీవికి, మీ అమ్మగారికి ఉన్న ఒక్క అన్నను వదిలిపెట్టి వెళ్తున్నారు.

మీ నాన్నగారి చేత క్షమాపణ చెప్పించే ప్రయత్నం చేయవద్దు. అది జరగదు, జరిగినా మాట పొడిగా వస్తుంది, పాత పుండు మళ్లీ రేగుతుంది. ఆయన "మీ ఇష్టం" అన్నారు గదా, ఆ మాటనే పట్టుకోండి. ఫలానా ఆదివారం నేనూ అమ్మా దుగ్గిరాల వెళ్లి మామయ్యను పిలిచి వస్తామని ఆయనకు చెప్పండి. అనుమతి అడగకండి, తెలియజేయండి. అనుమతి అడిగే పని మీ అమ్మగారి మీద అసలే పెట్టకండి. ఆయన కోపగించుకుంటే ఆ కోపం మీ మీద పడనివ్వండి. పెళ్లయి వెళ్లిపోయే కూతురి మీద తండ్రికి కోపం ఎక్కువ రోజులు నిలవదు, భార్య మీదనైతే నిలుస్తుంది.

వెళ్లేటప్పుడు ఫోనులో పంపే కార్డు కాకుండా అచ్చు వేయించిన శుభలేఖ తీసుకువెళ్లండి. నలభైమందికే అయినా ఒక్క కట్ట వేయించండి. మొదటిది నాలుగు మూలలా పసుపు రాసి ఆయన చేతిలో పెట్టాలి, మీ అత్తయ్యగారికి బొట్టు పెట్టి చెప్పాలి. ఆ ఎకరం ఊసు మీరు ఎత్తవద్దు, ఆయన ఎత్తినా దాని గురించి మాట్లాడటానికి రాలేదని చెప్పండి. ఆరేళ్ల కోపంలో ఆయన ఒక మాట ఎక్కువ అనవచ్చు. మీ అమ్మగారి కోసం ఒకసారి పడండి. రెండోసారి కూడా అంటే నమస్కారం పెట్టి లేచి రండి, పిలవడం వరకే మీ బాధ్యత. అయితే పసుపు పంపిన మనిషి అలా చేస్తారని నేను అనుకోను. పెళ్లికి పసుపు దంచే వేళ వస్తోందని లెక్క పెట్టుకుని, పిలుపు రాకముందే తన చేలో పండిన కొమ్ములు పంపినవాడు ఇక ఎదురుచూస్తున్నది గుమ్మంలో చెల్లెలి చెప్పుల చప్పుడు కోసమే.

ఇంకొక సంగతి. ఫిబ్రవరి మీకు సముద్రం నెమ్మదిగా ఉండే నెల, ఆయనకు పసుపు తవ్వి ఉడకబెట్టే నెల. తవ్విన పంటను కళ్లంలో వదిలి, గన్నవరంలో ఒక విమానం, చెన్నైలో మరొకటి ఎక్కి, ఆపైన పడవలో దీవికి చేరడానికి, తిరిగి రావడానికి అయిదు రోజులు ఏ రైతుకైనా కష్టమే. రిసార్ట్‌కు బయానా పంపకముందే వెళ్లి, ఎప్పుడైతే వీలవుతుందని ఆయన్నే అడగండి. మార్చి దాటినా, ఏప్రిల్‌లో కూడా ఆ సముద్రం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది, వానలు మే నెలలో మొదలవుతాయి. అటువైపు ముహూర్తం ఉందేమో సిద్ధాంతిగారు చూస్తారు. నలభైమందిలో చోటు లేదని మాత్రం చెప్పకండి. మీరు జతచేసిన జాబితాలో ఆఫీసు స్నేహితులే పదకొండుమంది ఉన్నారు.

ఆదివారం బయలుదేరే ముందు ఆ సంచి అటక మీద నుంచి మీరే దించి, వంటింటి గట్టు మీద, మీ నాన్నగారికి కనిపించే చోట పెట్టండి. ఇక బుట్ట సంగతి. దుగ్గిరాల నుంచి తిరిగి వచ్చాక, మేదరివాళ్ల దగ్గర మీ కొలత చెప్పి గుంటూరులోనే చేయించుకోండి. అది నీల్‌లో దొరుకుతుందని నేను అనుకోను.