కుందేలు బొమ్మ ఒక్కటే చూసి కొనొద్దు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

జంతువుల మీద పరీక్షించని సబ్బులు, షాంపూలు, క్రీములే వాడాలనుందని, కడపలో అవి ఎట్ల కొనాలో చెప్పమని అడిగినావు. దీనికోసం బెంగళూరు దాకా పోవాల్సిన పనిలేదమ్మా. వై.వి. స్ట్రీట్‌లో ఫ్యాన్సీ అంగళ్లు, మందుల షాపులు, మీ వీధి చివర పచారి అంగడి చాలు. దొరకనివి ఒకటో రెండో ఉంటే ఫోన్‌లో తెప్పించుకుంటావు. దొరకడం కష్టం కాదు. డబ్బా మీది రాత, ‘పరీక్షించలేదు’ అనడానికి గుర్తుగా వేసే కుందేలు బొమ్మ ఏం చెప్తున్నాయో, ఏం చెప్పకుండా వదిలేసినాయో కనిపెట్టడమే కష్టం. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నా.

ముందు ఒక మాట. బాత్రూమ్‌లో ఇప్పుడున్నవి పారేయొద్దు. వాటి డబ్బు కంపెనీకి ఎప్పుడో చేరిపోయింది, పారేస్తే ఏ కుందేలుకీ మేలు జరగదు. ఏది అయిపోతే దాని బదులు చూసుకుని కొత్తది తెచ్చుకో. సబ్బు, పేస్టు, షాంపూ నెలనెలా అయిపోతాయి కాబట్టి వాటితో మొదలుపెట్టు. లిప్‌స్టిక్, నెయిల్ పాలిష్ ఏడాదికొకటి కొంటావు, వాటికి తొందరలేదు.

ఆ పరీక్షలంటే ఏందో తెలిసుండాలి. అమెరికాలో 1944లో జాన్ డ్రేజ్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి రాసిపెట్టినాడు. తెల్ల కుందేలు ఒక కంట్లో పదార్థం వేస్తారు, రెండో కన్ను పోల్చుకోడానికి వదిలేస్తారు. ఎరుపు, వాపు, పుండు ఎంత వచ్చిందో మార్కులు వేసుకుంటూ 21 రోజుల దాకా చూస్తారు. కుందేలు సాధువైన జంతువు, కన్ను పెద్దది, మనకన్నా కన్నీళ్లు తక్కువ. పడిన పదార్థం కన్నీళ్లతో కొట్టుకుపోదు. ఆ కారణాలకే దాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు మనిషి చర్మ కణాలను ప్రయోగశాలలో పొరలుపొరలుగా పెంచి, దాని మీద మంట పుడుతుందో లేదో చూసే పద్ధతి ఉంది. ఓఈసీడీ అనే కూటమిలోని దేశాలు 2010లోనే దాన్ని తమ మార్గదర్శకాల్లో పెట్టుకున్నాయి. అంటే సబ్బు కోసం ఇంకా కుందేలే కావాలనడానికి సాకు లేదు.

మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014 మే నుంచి నిషేధం. అట్లా పరీక్షించినవి బయటి నుంచి దిగుమతి చేసుకోవడం అదే ఏడాది నవంబరు నుంచి నిషేధం. ఐరోపాలో అట్లాంటి సరుకు అమ్మకం మీద పూర్తి నిషేధం 2013 మార్చి 11న వచ్చింది. మరి చట్టమే ఉంటే నేను చూసేదేముంది అంటావు. చట్టానికి సందులున్నాయి, అవి తెలిస్తేనే సంచిలో ఏం వేసుకోవాలో తెలుస్తుంది.

పెద్ద సందు కంపెనీ వేరే దేశంలో చేసే పని. ఇక్కడ అమ్మే క్రీము ఇక్కడ పరీక్షించకపోవచ్చు, అదే కంపెనీ చైనాలో అమ్మడానికి అక్కడ పరీక్షకు ఒప్పుకుని ఉండొచ్చు. చైనా 2021 మే 1 నుంచి దిగుమతయ్యే మామూలు సరుకులకు, కొన్ని షరతులు తీరిస్తే, ఈ పరీక్ష మినహాయించింది. జుట్టు రంగు, సన్‌స్క్రీన్, తెల్లబరిచే క్రీములు ఆ మినహాయింపులో లేవు. కాబట్టి ఈ మూడు రకాలు అమ్మే విదేశీ బ్రాండు విషయంలో చైనా సంగతి తప్పకుండా అడగాలి.

రెండోది ముడి రసాయనం. ఒక రసాయనం ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు హాని చేస్తుందా అని తేల్చడానికి ఐరోపా రసాయనాల చట్టం ఇప్పటికీ జంతు పరీక్ష అడగగలదు. సన్‌స్క్రీన్‌లలో వేసే హోమోసలేట్ విషయంలో అట్లనే అడిగితే కంపెనీ కోర్టుకు పోయింది. 2023 నవంబరులో ఐరోపా న్యాయస్థానం పరీక్ష చేయాల్సిందేనని చెప్పింది. మన ఎండకు సన్‌స్క్రీన్ లేకుండా బతకలేము కాబట్టి ఇది నీకు పనికొచ్చే సంగతి. హోమోసలేట్ బదులు జింక్ ఆక్సైడ్ ఉన్నది చూసుకో. ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, ఎక్కువ పూస్తే పిండి రాసుకున్నట్టుంటుంది. కొంచెం కొంచెంగా రెండు విడతలు పూస్తే సర్దుకుంటుంది.

మూడోది మందు. చుండ్రుకు డాక్టరు రాసే కెటోకొనజోల్ షాంపూ, జుట్టుకు మినాక్సిడిల్, ఇవి చట్టం లెక్కన మందులు, సౌందర్య సాధనాలు కావు. పైన చెప్పిన నిషేధం వీటికి వర్తించదు. డాక్టరు రాస్తే వాడు, ఇందుకని మానుకోవద్దు. అట్లే ఆయుర్వేద ఔషధం అని లైసెన్సున్న నూనెలు, లేపనాలు కూడా మందులు, సౌందర్య సాధనాల చట్టంలో వేరే అధ్యాయం కిందికొస్తాయి. ఆకు బొమ్మ, రుషి బొమ్మ చూసి ‘ఇది పరీక్షించనిదే’ అనుకోవద్దు, అక్కడా అడగాలి.

నాలుగోది మన జిల్లాకు బాగా దగ్గరి సంగతి. కువైట్ నుంచి వచ్చేవాళ్లు పెట్టెలో తెచ్చే సబ్బులు, సెంట్లు, క్రీములు. సక్రమంగా దిగుమతైన సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ‘ఆర్‌సీ’ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నెంబరు ఉంటాయి. పెట్టెలో వచ్చిన సరుకు మీద అవి ఉండవు, మన దిగుమతి నిషేధం దాన్ని పట్టి చూసి ఉండదు. ప్రేమతో ఇచ్చింది తీసుకో, తప్పు లేదు. కానీ అట్లా వచ్చి అంగట్లో చవక రేటుకు అమ్మే తెల్లబరిచే క్రీములను మాత్రం ముట్టుకోవద్దు. కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఇక డబ్బా చదవడం. ‘క్రూయల్టీ ఫ్రీ’ అనే మాటకు ప్యాకెట్ మీద ఎవరైనా ఏ అర్థమైనా పెట్టుకోవచ్చు. కొందరు ‘తయారైన ఈ సరుకును జంతువుల మీద పరీక్షించలేదు’ అని రాస్తారు. ‘తయారైన’ అన్న ముక్క పట్టుకో. లోపల వేసిన పదార్థాలను పరీక్షించారా, వాటిని అమ్మిన వాళ్లు పరీక్షించారా, బయటి ల్యాబుకు ఇచ్చి చేయించారా, ఈ మూడూ ఆ వాక్యంలో లేవు. ఇంకొందరు ‘చట్టం కోరితే తప్ప పరీక్షించము’ అంటారు. చట్టం కోరే దేశంలో అమ్ముతున్నారని దాని అర్థం.

కుందేలు బొమ్మల్లోనూ తేడా ఉంది. దూకుతున్న కుందేలు, పక్కన నక్షత్రాలు ఉండే ‘లీపింగ్ బన్నీ’ గుర్తును 1996లో ఎనిమిది జంతు సంక్షేమ సంస్థలు కలిసి మొదలుపెట్టినాయి. అది కావాలంటే కంపెనీ ఒక తేదీ గీసుకోవాలి, ఆ తేదీ తర్వాత సరుకుకే కాదు పదార్థాలకూ పరీక్ష ఉండకూడదు. పదార్థాలు అమ్మేవాళ్ల మీద నిఘా పెట్టాలి, బయటివాళ్లు వచ్చి లెక్కలు తనిఖీ చేస్తే ఒప్పుకోవాలి, ఏటేటా ఆ హామీ మళ్లీ రాసివ్వాలి. పెటా అనే జంతు హక్కుల సంస్థ జాబితా ఎక్కువగా కంపెనీ రాసిచ్చే హామీ మీద నడుస్తుంది. రెండూ ఉంటే మంచిది. ఒకటే అంటే నేను దూకే కుందేలునే ముందు నమ్ముతాను, తనిఖీ ఉంది కాబట్టి. ఈ రెండూ కాని కుందేలు బొమ్మ ఉంటే, డిజైనర్ వేసిందే అనుకో. బొమ్మ నిజమో కాదో అంగట్లో నిలబడే తేల్చుకోవచ్చు. ఆ సంస్థల వెబ్‌సైటులో బ్రాండు పేరు కొడితే వస్తుంది. రాలేదంటే డబ్బా తిరిగి అరలో పెట్టెయ్.

తేదీ ఎందుకంటే, ఇప్పుడు వాడే పాత పదార్థాల్లో దాదాపు ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పరీక్షకు గురైందే. ఆ పాపం ఇప్పుడు తీయలేము. ఇకమీదట కొత్తగా చేయకుండా ఆపడమే మన చేతిలో ఉంది.

షాంపూ ప్యాకెట్లు, అవే రెండు రూపాయల చిన్నవి, వాటి మీద పదార్థాల పట్టిక వెతకొద్దు. ద్రవమైతే 60 మిల్లీలీటర్ల లోపు, గట్టి సరుకైతే 30 గ్రాముల లోపు ఉంటే పట్టిక వేయకపోయినా రూలు ఒప్పుకుంటుంది. అంగట్లో అదే బ్రాండు పెద్ద సీసా అడిగి తీసుకుని వెనక చదువు, చదివినాక చిన్నది కొనుక్కో. పట్టికలో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత వస్తుంది. ముందు పెద్దక్షరాలతో ‘కుంకుడు’ అని ఉండి, పట్టిక అడుగున ఎక్కడో కుంకుడు సారం కనిపిస్తే, పేరుకే కుంకుడు.

అనుమానం తీరకపోతే కంపెనీనే అడుగు. ప్యాకెట్ మీద వినియోగదారులు ఫిర్యాదు చేసే ఫోన్ నెంబరు, మెయిల్ ఉండాలని చట్టం. ఫోన్ కన్నా మెయిలే మేలు, ఫోన్లో ‘అవును మేడమ్’ అనేస్తారు. నాలుగే ప్రశ్నలు రాయి. తయారైన సరుకును మీరు గానీ మీ తరఫున ఎవరైనా గానీ జంతువుల మీద పరీక్షిస్తారా? పదార్థాలు అమ్మేవాళ్ల నుంచి రాతపూర్వక హామీ తీసుకున్నారా, ఏ తేదీ నుంచి? జంతు పరీక్ష అడిగే దేశంలో అమ్ముతున్నారా? మీ యజమాని సంస్థ విధానం ఏది? వారంలో సూటిగా జవాబు వస్తే మంచి కంపెనీ. ‘మేము జంతువులను ప్రేమిస్తాము’ అని రెండు పేరాలు వచ్చి నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేకపోతే, అదే జవాబు.

యజమాని సంస్థ సంగతి చిక్కుది. డవ్ 2018లో పెటా జాబితాలో చేరింది, గార్నియర్‌కు 2021లో లీపింగ్ బన్నీ వచ్చింది. రెండూ మీ పచారి అంగట్లో దొరికేవే. కానీ వాటి యజమాని సంస్థల మిగతా బ్రాండ్లలో కొన్ని ఆ జాబితాల్లో లేవు. అట్లాంటప్పుడు కొనాలా వద్దా? నా లెక్క ఏందంటే, ధర దగ్గర్లో స్వతంత్రంగా నడిచే బ్రాండు దొరికితే అది కొను. దొరక్కపోతే గుర్తున్న బ్రాండును నిస్సంకోచంగా కొను. గుర్తు ఉన్న సరుకు అమ్ముడుపోవడం ఆ సంస్థకు లెక్కల్లో కనిపిస్తుంది.

పరీక్షించనిదీ, జంతు పదార్థం లేనిదీ వేరువేరమ్మా. ఈ రెండూ కలిపేసి శానామంది తికమకపడతారు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క లోపల ఏముందో చెప్తుంది, పరీక్ష గురించి ఏమీ చెప్పదు. రెండూ కావాలంటే కొన్ని పేర్లు గుర్తుపెట్టుకో. సబ్బు మీద ‘సోడియం టాలోవేట్’ అంటే పశువుల కొవ్వు, ‘సోడియం పామేట్’ అంటే పామాయిలు, ‘సోడియం కోకోయేట్’ అంటే కొబ్బరినూనె. లిప్‌స్టిక్‌లో ‘కార్మైన్’ లేదా ‘సి.ఐ. 75470’ అంటే పురుగుల నుంచి తీసిన ఎరుపు. నెయిల్ పాలిష్ మెరుపుకు వాడే ‘సి.ఐ. 75170’ చేపల పొలుసుల నుంచి వచ్చే గ్వానిన్. ‘లనోలిన్’ గొర్రె ఉన్ని జిడ్డు. ‘సెరా ఆల్బా’ తేనెమైనం. గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ రెండు దారుల్లోనూ వస్తాయి, అడిగితే తప్ప తెలియదు. అన్నట్టు, కస్తూరి పసుపులో కస్తూరి పేరే గానీ జింకది ఏమీ లేదు, అది దుంప.

బ్రష్షులను అందరూ మర్చిపోతారు. ముఖానికి పౌడర్ పూసే కుచ్చు, మగవాళ్ల షేవింగ్ బ్రష్షు మేక వెంట్రుకలదో పందిదో కావచ్చు. అంగడివాడికి తెలియకపోతే, ఇంట్లో ఉన్న పాతదాని నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చు. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదైతే అది జంతువుది. కరిగి గట్టి ముద్దలా అంటుకుంటే నైలాన్.

అన్నిటికన్నా ఏ అనుమానమూ లేనివి మన పచారి అంగట్లోనే ఉన్నాయి. కుంకుడుకాయలు ఎనిమిది నుంచి పది తీసుకో, భుజాల దాకా జుట్టుకు సరిపోతాయి, నడుము దాకా ఉంటే పదిహేను. పగలగొట్టి గింజలు తీసేసి, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టు. పొద్దున బాగా పిసికి పలచని గుడ్డలో వడకట్టు. వడకట్టకపోతే తొక్కలు జుట్టులో ఇరుక్కుని పోవు. కళ్లు గట్టిగా మూసుకో, పడితే మంట పొద్దుపోయేదాకా ఉంటుంది. ఆ రసం ఆరోజే వాడెయ్, మన ఎండల్లో రెండో రోజుకే పులుస్తుంది. మీ ఇంటి బోరు నీళ్లు సవ్వగా, అంటే కాస్త ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు. జుట్టు బిరుసుగా అనిపిస్తే చివర్లకు రెండు చుక్కల కొబ్బరినూనె చాలు.

ఒంటికి సున్నిపిండి: పెసలు అర కిలో, పచ్చిశనగపప్పు పావు కిలో, కస్తూరి పసుపు 50 గ్రాములు, వట్టివేర్లు 50 గ్రాములు. రెండు రోజులు ఎండబెట్టి మిల్లులో పట్టించు, జల్లెడ పట్టు. తడి చెంచా పెట్టినావంటే పురుగు పడుతుంది, కాబట్టి వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని మిగతాది మూత బిగించి పెట్టు.

గోరింటాకు అయితే చెట్టుదే రుబ్బుకో. గంటలో నల్లగా పండే కోన్లలో పీపీడీ అనే రంగు కలుపుతారు, కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది. ఏ కొత్త సరుకైనా, కొన్నదైనా ఇంట్లో చేసిందైనా, మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత రాసి ఒక రోజంతా చూడు. జుట్టు రంగుకైతే రెండు రోజులు. దురద రాకపోతే ముఖానికి వాడు.

ఈ ఆదివారం సబ్బు, పేస్టు రెండింటి ప్యాకెట్లు మాత్రం తీసి, వెనకవైపు ఫోటో తీసి పంపు. పేర్లు చూసి ఏది ఉంచాలో, ఏది అయిపోయాక మార్చాలో రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ