ముందు ఓవెన్‌లో గిన్నెలు బయటికి తియ్యండి

అమెరికాలో మనవాళ్ళ వంటింట్లో ఓవెన్ అంటే గిన్నెల బీరువా. పొయ్యి మీద నాలుగు బర్నర్లూ మండుతుంటాయి, కింద ఓవెన్‌లో ఇడ్లీ ప్లేట్లు, మూకుళ్ళు, మూతలు సర్ది ఉంటాయి. కొత్తగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట: అవి బయటికి తియ్యండి. మర్చిపోయి ఓవెన్ వెలిగిస్తే ప్లాస్టిక్ పిడులు కరిగి ఇల్లంతా కంపు. రెండో కారణం ఇంకా పెద్దది. చలికాలంలో అక్కడ చవగ్గా దొరికే మంచి కూరలు చాలావరకు ఓవెన్‌కి పుట్టినవే.

డిసెంబరులో నేను విజయనగరం వచ్చేసరికి, జనవరి సెమిస్టరుకి బయల్దేరే పిల్లలూ వాళ్ళ అమ్మలూ వస్తుంటారు. అద్దెలు, బ్యాంకు ఖాతాలు అయ్యాక మాట కూరల దగ్గరికొస్తుంది. "అక్కడ ఆనపకాయ దొరుకుద్దేటి అక్కా? మా గుంటడు బీరకాయ లేందే ముద్దెత్తడు." దొరుకుతుందమ్మా, ఇండియన్ స్టోర్‌లో అన్నీ దొరుకుతాయి. కానీ బయట మంచు పడుతుంటే లోపల కనిపించే బెండకాయ ఎక్కడో వెచ్చటి చోట కోసి, రోజుల తరబడి ప్రయాణించి వచ్చింది. సగం ముదురు, సగం వాడు. బెండకాయ మీదే మనసుంటే ఫ్రోజెన్ ప్యాకెట్ కొనండి, తప్పేం లేదు. జనవరిలో మన రైతుబజారుకెళ్ళి మామిడిపండు అడగం కదా, అక్కడా ఆ లెక్కే పెట్టుకోండి.

వసంతంలో పచ్చిబఠాణీ, పాలకూర, ఆస్పరాగస్ వస్తాయి. వేసవిలో వంకాయ, టమాటా, మొక్కజొన్న, దోసకాయలా కనిపించే జుకినీ. శీతాకాలంలో క్యాబేజీ, క్యారెట్, కేల్, చిలగడదుంప, గట్టి తొక్క గుమ్మళ్ళు. కేల్, కొలార్డ్ అనే ఆకుకూరలు మంచు తగిలాక తియ్యగా అవుతాయి, పప్పులో వేసి చూడండి. గుమ్మళ్ళలో బటర్‌నట్ స్క్వాష్ మన తీపి గుమ్మడి జాతిదే. దప్పళానికి సరిగ్గా సరిపోతుంది, చల్లటి చోట కొన్ని వారాలు నిలవుంటుంది. అక్టోబరులో గుమ్మాల ముందు పెట్టే పెద్ద నారింజ రంగు గుమ్మడికాయని మాత్రం వంటకి కొనకండి. అది బొమ్మలు చెక్కడానికి పెంచింది; నీరు, పీచు తప్ప రుచి ఉండదు.

ఇక 'పై' అనే వంటకం సంగతి. పళ్ళెంలో పిండి పొర పరిచి, అందులో కూరో తీపో నింపి ఓవెన్‌లో కాల్చేది. యాపిల్ పై, పంప్కిన్ పై చూసి అది తీపి వంటకమే అనుకుంటారు మనవాళ్ళు. కూర పెట్టి చేసే పై కూడా అక్కడ ఇంటి వంటే. ఇంట్లో చేసుకుంటే నూనె, ఉప్పు, పంచదార మన చేతిలో ఉంటాయి. అలాగని ఇది పథ్యం కాదు. పిండీ కొవ్వూ కలిసిన వంట ఎక్కడైనా బరువే. అందుకే పైన మరో పొర వెయ్యకండి, కిందదొక్కటి చాలు. సగం పిండి అక్కడే తగ్గిపోతుంది.

తొమ్మిదంగుళాల పళ్ళేనికి ఒకటిన్నర కప్పుల పిండి కావాలి. సగం గోధుమపిండి, సగం మైదా. చిటికెడు ఉప్పు, మూడోవంతు కప్పు నూనె, మూడు నాలుగు చెంచాల చల్లటి నీళ్ళు. చపాతీ పిండిలా పిసక్కండి, బిగుసుకుపోతుంది. కలిసిందనిపించగానే ఆపి, పళ్ళెంలోనే వేళ్ళతో అద్దెయ్యండి. కర్ర, పీట అక్కర్లేదు. చోడిపిండి, అంటే రాగిపిండి, పట్టుకెళ్ళినవాళ్ళు పిండిలో నాలుగో వంతు అది వేసుకోవచ్చు. అంతకు మించితే పొర పొడిపొడిగా రాలిపోతుంది, చోళ్ళలో గ్లూటెన్ ఉండదు మరి.

లోపలికి: బటర్‌నట్‌ని నిలువుగా చీల్చి, గింజలు తీసి, కోసిన వైపు కిందికి పెట్టి 400 ఫారన్‌హీట్ దగ్గర ముప్పావు గంట ఉంచితే గుజ్జు చెంచాతో వచ్చేస్తుంది. పచ్చి కాయ చెక్కు తియ్యబోయి చెయ్యి కోసుకోవక్కర్లేదు. పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గించి, గుజ్జు కలిపి, గుప్పెడు కేల్ తరిగి వేసి, నువ్వులపొడి, మూడు చెంచాల శనగపిండి వెయ్యండి. శనగపిండి గుడ్డు చేసే పని చేస్తుంది. ఇదంతా పిండి పొరలో నింపి, 375 దగ్గర సుమారు 40 నిమిషాలు కాల్చండి. మన ఇళ్ళలో గుమ్మడికి ఆవ పెట్టడం అలవాటు కదా, దాన్ని లోపల కలపకండి, వేడికి చేదెక్కుతుంది. పెరుగులో కలిపి పక్కన పెట్టుకోండి. జుకినీతో చేస్తే ముందు తురిమి ఉప్పేసి గట్టిగా పిండెయ్యాలి, లేకపోతే అడుగు పచ్చిపచ్చిగా మిగులుతుంది.

నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తారు, పంప్కిన్ పై తెస్తానని మీరు నోరు జారతారు. గుమ్మడి గుజ్జు డబ్బా కొనేటప్పుడు చూసుకోండి, 'ప్యూరీ' అంటే ఉట్టి గుజ్జు, 'పై మిక్స్' అంటే పంచదార ముందే కలిపింది. డబ్బా మీద ఉండే మామూలు కొలతలో పంచదార ముప్పావు కప్పు, అంటే 150 గ్రాములు. ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకి దాదాపు 19 గ్రాములు. ఆడవాళ్ళకి రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాములు, మగవాళ్ళకి 36 దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. అర కప్పుకి తగ్గించినా తినేవాళ్ళెవరూ పోల్చలేరు. పాలు 'ఎవాపొరేటెడ్'వే కొనండి. 'కండెన్స్‌డ్' అంటే పాలకన్నా పంచదార ముందు మాట్లాడుతుంది. అనకాపల్లి బెల్లం వాడితే రంగూ వాసనా బాగుంటాయి గానీ, షుగరున్నవాళ్ళకి బెల్లమైనా పంచదారైనా ఒకటే. ఈ మాట మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఒప్పుకోరు, అది వేరే గొడవ.

దుకాణంలో దొరికే తయారు పొరల్లో కొన్నిట్లో 'లార్డ్' ఉంటుంది, అంటే పంది కొవ్వు. శాకాహారులు లేబుల్ చివరిదాకా చదవాలి. పంప్కిన్ పైలో గుడ్లుంటాయి, అదీ అడిగి తినండి.

సూట్‌కేసులో పలాస జీడిపప్పు, చోడిపిండి, నువ్వులపొడి పెట్టుకోండి; తినే సామాను ఏదున్నా అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్ళకి చెప్పాలి. పచ్చి కూరలు, పళ్ళు, ముఖ్యంగా పచ్చి కరివేపాకు వద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందని ఆపేస్తారు.

మిగిలిన పైని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే పొర మెత్తబడుతుంది, ఓవెన్‌లోనే పది నిమిషాలు వెచ్చబెట్టండి. గాజు పళ్ళెమైతే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది.