ఎయిర్ ఫిల్టర్ మార్చే ముందు ఒక్కసారి చదువు

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

కారుకు ఏదో గాలి పైపు మార్పిస్తున్నావనీ, దానికి 30 వేలు పక్కన పెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాపం, అది ఏసీకి సంబంధించిందేమో అనుకుంటోంది. ఇంజన్‌కు గాలి పోయే పైపని నేనూ సరిదిద్దలేదు. వినగానే సంతోషం వేసింది. మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మీ పెదనాన్న స్పేర్ పార్ట్స్ షాపు నడిపినన్నాళ్లూ కౌంటర్లో కూర్చున్నదాన్ని. మన పిల్లల్లో బానెట్ ఎత్తి లోపల ఏముందో చూడాలనుకున్నవాడివి నువ్వొక్కడివే. కానీ ఇల్లు వానొస్తే నీళ్లు నిలిచే వేళచ్చేరిలో తీసుకున్నావు కదా, అది గుర్తొచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. బిల్లు లేకుండా ఏదీ కొనకు. కారు వారంటీలో ఉంటే షోరూమ్‌లో అడిగి, వాళ్లు చెప్పింది రాతలో తీసుకో. పాత ఫిల్టర్ బాక్సు పారేయకు, అమ్మేటప్పుడు అడుగుతారు.

ఇక నువ్వు కొనబోయేది. షాపులో మూడు రకాలు చూపిస్తారు. కంపెనీ బాక్సులోనే పాత కాగితం ఫిల్టర్ తీసి ఆ కొలతకే సరిపోయేది పెట్టడం ఒకటి, దాన్ని డ్రాప్-ఇన్ అంటారు. బాక్సు మొత్తం పీకేసి బానెట్ కిందే పొట్టి పైపుకు కోన్ ఫిల్టర్ తగిలించడం రెండోది. పొడుగు పైపు వేసి ఫిల్టర్‌ను కిందికి, బంపర్ వెనక్కి దించడం మూడోది, అదే కోల్డ్ ఎయిర్ ఇంటేక్. నీ 30 వేలు ఈ మూడోదానికే అయ్యుంటాయి.

రెండోది మన ఊరికి పనికిరాదు. మద్రాసు కత్తిరి ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగితే బానెట్ కింద గాలి ఎంత కాగుతుందో చెయ్యి పెట్టి చూడు. వేడి 3 డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. పవర్ కోసమని డబ్బు పోసి పల్చటి గాలి తాగించడం ఏం తెలివి? శబ్దం మాత్రం బాగుంటుంది, కాదనను. కుర్రాళ్లు సగం మంది ఆ శబ్దానికే కొంటారు. పవర్ అంటారు కానీ, కొన్నాక నాలుగు రోజులు రేస్ చేసి వినేది దాన్నే.

మూడోది వద్దనడానికి మీ చిన్న మావయ్య ఉన్నాడు. వాడు ఈ కథ నీకు చెప్పి ఉండడు. చెప్పినా, చెరువు తెగింది, తనేం చేస్తాడు అంటాడు.

మేం వద్దంటే వేరేచోట బిగించుకొచ్చాడు. ఫిల్టర్ ఫాగ్ ల్యాంప్ వెనక, రోడ్డుకు జానెడు ఎత్తులో. ఏడాదంతా బాగానే తిరిగాడు, మమ్మల్ని చూసి నవ్వాడు. మద్రాసు మునిగిన 2015 డిసెంబరు 1 రాత్రి వానలో ఆఫీసు నుంచి బయల్దేరాడు. వేళచ్చేరి మెయిన్ రోడ్డు మీద నీళ్లు టైరు సగానికి ఉన్నాయట. సరిగ్గా వాడిదే మోడల్ కారు, ఏ మార్పూ లేనిది, వాడి ముందే మెల్లగా దాటిపోయింది. కంపెనీ వాళ్లు గాలి పీల్చే మూతిని పైన, హెడ్‌లైట్ల ఎత్తులో పెడతారు మరి. వీడిది ముక్కు తీసి మోకాలికి పెట్టుకుని నీళ్లలో నడిచినట్టు. రెండు గజాలు పోయేసరికి ఇంజన్ ఆగిపోయింది.

అప్పటికైనా వదిలేసి ఉంటే బహుశా ఇంజన్ దక్కేది. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలోకి చేరిన నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ మారిస్తే సరిపోయేదేమో. మనవాడు సెల్ఫ్ కొట్టాడు. తిరగలేదు. మళ్లీ కొట్టాడు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఒక సిలిండర్ అంటుకుని తోసింది, ఇంకోదాంట్లో నీళ్లు అడ్డం నిలిచాయి, దాని పిస్టన్‌కు బిగించి ఉండే కనెక్టింగ్ రాడ్ మధ్యలో నలిగి వంగింది. ఇంజన్ విప్పినప్పుడు ఆ రాడ్‌ను మీ పెదనాన్న ఇంటికి తెచ్చి వాడి ముందు బల్ల మీద పెట్టాడు, ఒక్క మాట అనలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు కుదరదన్నారు. నీళ్లలో స్టార్ట్ చేయబోయి చెడిన ఇంజన్‌కు మామూలు పాలసీ వర్తించదు, ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. నువ్వు తీసుకున్నావా? ఈ రోజే చూడు. తీసుకున్నా నీళ్లలో సెల్ఫ్ కొడితే దానికీ పేచీ పెడతారు.

డబ్బు సంగతి పక్కన పెట్టు నాయనా. ఆ రాత్రి టవర్లు పనిచేయలేదు, ఫోన్లు లేవు. వాడు తెల్లవార్లూ రాలేదు. కొత్త పైపు వేయించిన కారును వదిలి రావడానికి మనసొప్పక, నడుం లోతు నీళ్లు వచ్చేదాకా దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాడట. మర్నాడు మధ్యాహ్నం చెప్పులు లేకుండా వచ్చాడు. నేను తలుపు తీసి ముందు తిట్టాను, తర్వాత అన్నం పెట్టాను. నీ కారు ఎప్పుడైనా నీళ్లలో ఆగితే తాళం తీసుకుని దిగి వచ్చెయ్. వానకు హెచ్చరిక రాగానే మీ వేళచ్చేరి వాళ్లు కార్లు తెచ్చి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తారు చూడు, వాళ్లను చూసి నవ్వకు, నువ్వూ పెట్టు.

కాబట్టి మొదటిదే కొనుక్కో, డ్రాప్-ఇన్. అందులోనూ కాగితందా, నూనె పట్టించిన కాటన్‌దా అన్నది ఆలోచించు. ఒక లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి, అంటే 9 వేల లీటర్ల పైమాట. నువ్వు రోజూ తిరిగే ఓఎంఆర్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్మంతా ఆ గాలితోనే లోపలికి పోతుంది. కే అండ్ ఎన్ వంటి కంపెనీల కాటన్‌వి కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. కానీ కడిగే ఓపిక నీకుందా? శుభ్రంగా ఉన్న వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పోయాలి, ఎయిర్ కొట్టకూడదు, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, నూనె పల్చగా వేయాలి. నూనె ఎక్కువైతే పోయి గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ తీగ మీద కూర్చుంటుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. తక్కువైతే దుమ్ము ఆగదు. నీ బట్టలే మీ అమ్మ ఉతుకుతుందని నాకు తెలుసు. నామాట విని మంచి కాగితంది కొని, మాన్యువల్‌లో చెప్పిన దానికంటే కాస్త ముందే మార్చుకో. ఊరికే విప్పి దులపకు. కొంచెం దుమ్ము పట్టిన కాగితం ఇంకా బాగా వడకడుతుంది.

మైలేజీ పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మకు. ఈ కాలం పెట్రోలు కార్లలో గాలి ఎంత వస్తే కంప్యూటర్ అంతకు తగ్గ పెట్రోలే ఇస్తుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ లేబొరేటరీ వాళ్లు 2009లో పరీక్షించి, ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ, పికప్ మాత్రం తగ్గుతుందనీ తేల్చారు.

కొనేటప్పుడు డబ్బా చూసి మోసపోకు, డూప్లికేట్‌కూ డబ్బా బాగానే ఉంటుంది. ఫిల్టర్ బయటికి తీయించు. మడతలు సమానంగా ఉన్నాయా, చుట్టూ రబ్బరు వేలితో నొక్కితే మెత్తగా లేస్తోందా, ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుంటే ఎక్కడైనా చిల్లు కనిపిస్తోందా చూడు. బిగించి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, ఫిల్టర్ దాటిన తర్వాతి పైపు లోపల తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకు మట్టి అంటితే అంచు సరిగా కూర్చోలేదని అర్థం.

పాత ఫిల్టర్ అంచు మీద పార్ట్ నంబరు ఉంటుంది, ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. షాపు ఇప్పుడు చూసుకునే అబ్బాయికి చెప్పి ఉంచుతాను. శనివారం వచ్చేటప్పుడు మీ అమ్మను కూడా తీసుకురా, ఏసీ గురించి అడిగితే నేను చెప్పుకుంటాను.

మీ పెద్దమ్మ